రివర్సల్ లేని మందు

పాత గాజువాకలో కిరాణా కొట్టు నడిపే పెద్దాయన ఒకరు పిత్తాశయంలో రాళ్ళకి ఆపరేషన్ చేయించుకోవడానికి చేరారు. ముందురోజు సాయంత్రం వెళ్ళి ఆయన మంచం పక్కన కూర్చున్నాను. మత్తు డాక్టరు పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఈ కాసేపటి మాటే. బీపీ, షుగరు, ఉబ్బసం, కట్టుడు పళ్ళు, చుట్ట అలవాటు అన్నీ అయ్యాక అడిగాను.

"మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయ్యాక ఊపిరి రావడం ఆలస్యమైందాండీ?"

ఆయన లేదన్నట్టు తలూపబోయారు. పక్కనున్న ఆయన భార్య అందుకున్నారు. "మీ చిన్నాన్నగారికి అపెండిసైటిస్ కోసినప్పుడు రాత్రంతా మిషన్ మీద ఉంచలేదూ? తెల్లారేదాకా మీరంతా బయట బల్ల మీదే కదా కూర్చున్నారు!"

"అది పాతికేళ్ళ కిందటి మాట డాక్టరమ్మా. మత్తు ఎక్కువైందన్నారు. లేచాక శుభ్రంగా ఉన్నాడు. ఇప్పుడూ అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసుకుంటున్నాడు."

మత్తు ఎక్కువై ఉండదని నాకు అప్పుడే అనిపించింది. ఆ తర్వాతి ప్రశ్న అడగడానికి ముందు కొంచెం ఆగాను. "ఒక మందు విషయంలో తెలుసుకోవాల్సి అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. మీరు ఆర్యవైశ్యులా?"

ఆసుపత్రిలో కులం ప్రస్తావన నాకు గిట్టదు. కాన్పు గదిలోనైనా క్యాజువాల్టీలోనైనా ఆ మాట చెవిన పడితే ఒళ్ళు మండుతుంది. ఈ ఒక్క చోట మాత్రం నేనే అడుగుతాను, ఎందుకు అడుగుతున్నానో చెప్పి మరీ అడుగుతాను. ఎందుకో చెప్పాలంటే కండరాలను సడలించే మందుల సంగతి మొదటినుంచీ చెప్పుకోవాలి.

జనరల్ అనస్థీషియా అనగానే అందరికీ తోచేది నిద్ర. నిజానికి మేం మూడు పనులు వేరువేరు మందులతో చేస్తాం. తెలివి లేకుండా చేస్తాం, నొప్పి తెలియకుండా చేస్తాం, కండరాలను సడలిస్తాం. మూడోది బయటివాళ్ళకి అంతగా తెలియదు. పొట్ట కండరాలు బిగిసి ఉంటే సర్జన్ చెయ్యి లోపల ఆడదు. లాపరోస్కోపీలో గ్యాస్ నింపినా పొట్ట పైకి లేవదు. స్వరతంత్రులు మూసుకుని ఉంటే గొంతులోకి ట్యూబు దిగదు. అందుకని సడలించే మందు ఇస్తాం. ఊపిరి పీల్చేవీ కండరాలే కనక నిమిషం తిరిగేసరికి ఊపిరి ఆగిపోతుంది. గుండె కండరం తీరు వేరు, అది కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ క్షణం నుంచి ఆ మనిషి ఊపిరి మా చేతిలోని బ్యాగులోనో, పక్కనున్న మిషన్‌లోనో ఉంటుంది. ఆపడం సూదిమందు పని, తిరిగి తెప్పించడం మా పని. ఏ మందు ఎలా దిగిపోతుందన్నది తెలిసినవాళ్ళే దాన్ని ఎక్కించాలని నా గట్టి నమ్మకం.

మెదడు పంపిన ఆజ్ఞ నరం వెంట వచ్చి కండరం అంచున ఆగుతుంది. రెండిటి మధ్యా కంటికి ఆనని సందు ఉంది. నరం కొస ఆ సందులోకి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. అది అవతలి ఒడ్డున, కండరం మీదున్న పీటల మీద కూర్చోగానే కండరం ముడుచుకుంటుంది. వాటిని శాస్త్రంలో గ్రాహకాలు అంటారు, నాకు పీటలు అనడమే సులువుగా ఉంటుంది. పని కాగానే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని తుంచి పారేస్తుంది. ఇదంతా సెకనులో వెయ్యో వంతు లెక్కల్లో జరిగిపోతుంది. అలా తుంచకపోతే ఏమవుతుందో తెలుగు జిల్లాల ఆసుపత్రులకి చెప్పక్కర్లేదు. పొలానికి కొట్టే ఆర్గనోఫాస్ఫరస్ పురుగుమందు తాగినవాళ్ళలో ఆ ఎంజైమే చచ్చుబడుతుంది. నోటివెంట నురగ, ఒళ్ళంతా అదురు, ఆఖరికి ఊపిరి కండరాలు పడిపోవడం అన్నీ దాని ఫలితమే.

దక్షిణ అమెరికా అడవుల్లో వేటగాళ్ళు బాణాలకి పూసే క్యురారే సరిగ్గా ఈ సందులోనే అడ్డుపడుతుందని 1850లలో ఫ్రాన్స్‌లో క్లాడ్ బెర్నార్డ్ కప్పల మీద ప్రయోగాలతో తేల్చాడు. విషం ఎక్కిన కప్పలో నరమూ బాగుంది, నేరుగా కరెంటు తగిలిస్తే కండరమూ ముడుచుకుంటోంది. నరం చెప్పిన మాట కండరానికి చేరడం ఒక్కటే ఆగిపోయింది. అంతకంటే ముందే, 1814లో, ఇంగ్లండులో చార్లెస్ వాటర్టన్ అనే యాత్రికుడు ఒక ఆడగాడిదకి ఇదే విషం ఎక్కించాడు. అది కూలిపోగానే గొంతు దగ్గర గాటు పెట్టి, కొలిమితిత్తితో గంటల తరబడి గాలి ఊదారు. విషం దిగిపోయాక అది లేచి నిలబడింది. ఊరాలియా అని పేరుపెట్టుకుని మరో పాతికేళ్ళు మేపారు. ఈ గాడిదని గుర్తుపెట్టుకోండి. ఊపిరి ఊదుతూ ఓపిక పడితే మనిషి తిరిగొస్తాడన్న మాట మనకి చూపించింది అదే.

1942 జనవరి 23న కెనడాలోని మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్, ఎనిడ్ జాన్సన్ కలిసి అపెండిసైటిస్ ఆపరేషన్‌కి వచ్చిన యువకుడికి శుద్ధి చేసిన క్యురారే ఇచ్చారు. బాణం మీది విషం ఆ రోజునుంచి థియేటర్ ట్రేలోకి చేరింది. ఈ మందు మెదడును కూడా నిద్రపుచ్చుతుందా అన్న అనుమానం మాత్రం కొన్నాళ్ళు నిలిచింది. అది తీర్చడానికి 1947లో అమెరికా డాక్టరు స్కాట్ స్మిత్ తనకే పూర్తి మోతాదు ఎక్కించుకున్నాడు. వేలు కదల్లేదు, రెప్ప కదల్లేదు, ఊపిరి లేదు. పక్కవాళ్ళు బ్యాగు నొక్కుతూ ఉన్నారు. మందు దిగాక లేచి, అంతసేపూ చుట్టూ ఏం జరిగిందో, ఎవరేమన్నారో చెప్పాడు. సడలించే మందు నిద్ర కాదు, నొప్పికి విరుగుడూ కాదు. కదల్లేనివాడు తెలివిగా ఉండొచ్చు. నా దృష్టిలో అనస్థీషియా చదివేవాళ్ళు ముందు నేర్చుకోవాల్సిన పాఠం ఇదే.

ఇవాళ మా ట్రేలో ఉండే వెక్యురోనియం, రోక్యురోనియం, అట్రాక్యురియం లాంటివి క్యురారే దారిలో నడిచేవి. పీట మీద కూర్చుంటాయి, తాము ఏ పనీ చేయవు, ఎసిటైల్‌కోలిన్‌ని కూర్చోనివ్వవు. అట్రాక్యురియం ఇంకో మెట్టు తెలివైనది. స్కాట్లాండులో జాన్ స్టెన్‌లేక్ బృందం దాన్ని ఒంటి వేడికీ రక్తంలోని క్షారగుణానికీ దానంతటదే విడిపోయేలా తయారుచేసింది. అందుకే కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకి ఆపరేషన్ అంటే మా చెయ్యి దాని వైపే పోతుంది.

కుట్లు వేస్తుండగా థియేటర్‌లో వినబడే మాట "రివర్సల్ ఇచ్చారా?" అని. ఆ రివర్సల్ నియోస్టిగ్మిన్. అది చేసే పని చిత్రమైనది. పీట మీద కూర్చున్న మందుని అది ముట్టుకోదు. ఎసిటైల్‌కోలిన్‌ని తుంచే ఎంజైముకి పగ్గం వేస్తుంది. దాంతో సందులో ఎసిటైల్‌కోలిన్ గుమిగూడి పీటల కోసం పోటీ పడి, మందుని పక్కకి నెట్టేస్తుంది. పురుగుమందుకీ దీనికీ బంధుత్వం ఉంది. ఒకటి ఆ ఎంజైముని పట్టుకుంటే వదలదు, ఇది కాసేపు పట్టుకుని వదిలేస్తుంది. ఎసిటైల్‌కోలిన్ గుండెనీ నెమ్మదింపజేస్తుంది కనక పక్కనే గ్లైకోపైరోలేట్ కూడా ఎక్కిస్తాం. 1934లో లండన్ గ్రీనిచ్‌లో మేరీ వాకర్ అనే డాక్టరు, కండరాలు నీరసించే మయస్థీనియా జబ్బుకీ క్యురారే విషానికీ ఉన్న పోలిక గమనించి, ఈ కుటుంబంలోదే అయిన ఫైసోస్టిగ్మిన్ ఇచ్చి చూసింది. వాలిపోయిన రెప్పలు పైకి లేచాయి. ఆలోచన సరైనదైతే చిన్న ఆసుపత్రిలోనైనా ఎంత పెద్ద పని చేయొచ్చో అనిపిస్తుంది ఆమెని తలుచుకున్నప్పుడల్లా.

నియోస్టిగ్మిన్‌కి హద్దు ఉంది. ఇంకా మందు నిండుగా ఉన్నప్పుడు ఇస్తే చాలదు, మోతాదు పెంచినా లాభం లేదు. అందుకే మణికట్టు దగ్గర నరానికి రెండు సెకన్లలో నాలుగుసార్లు సన్నగా కరెంటు ఇచ్చి బొటనవేలు ఎలా కదిలిందో చూస్తాం. నాలుగో కదలిక మొదటిదానిలో కనీసం 90 శాతం ఉంటేనే ట్యూబు తీయాలి. తలెత్తి ఐదు సెకన్లు ఉంచమనడం, చెయ్యి నొక్కమనడం పాత పద్ధతులు. ఒక్కోసారి రోగి ఆ రెండూ చేసి చూపిస్తాడు, మింగే కండరాలు మాత్రం ఇంకా నీరసంగానే ఉంటాయి. ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి జారేది అప్పుడే. ఆ చిన్న పరికరం లేని థియేటర్ ఉండకూడదని నేను ఎక్కడికెళ్ళినా పోట్లాడతాను.

రోక్యురోనియానికి ఇప్పుడు వేరే విరుగుడు వచ్చింది. స్కాట్లాండులోని ఆర్గనాన్ ప్రయోగశాలలో ఆంటన్ బోమ్ అనే శాస్త్రవేత్త దీన్ని కనిపెట్టాడు. సుగామాడెక్స్ అనే ఈ మందు ఎనిమిది చక్కెర అణువులు వలయంగా కట్టిన గిన్నె లాంటిది. అది ఎంజైము జోలికి పోదు. రక్తంలో తిరుగుతున్న రోక్యురోనియాన్ని తన గిన్నెలో బంధించి కిడ్నీల దారి పట్టిస్తుంది. రక్తంలో మందు తగ్గేకొద్దీ సందులోది కూడా అటే వచ్చేస్తుంది, పీటలు ఖాళీ అవుతాయి. యూరప్‌లో 2008లో, అమెరికాలో 2015లో దీనికి అనుమతి దొరికింది. నిండుగా ఎక్కిన రోక్యురోనియాన్ని కూడా రెండు మూడు నిమిషాల్లో దించేయగలదు. ఖరీదు దృష్ట్యా చిన్న నర్సింగ్ హోముల్లో దాన్ని ఆచితూచి వాడాల్సి వస్తుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ రివర్సల్ ఉన్న మందులు. మా ట్రేలో ఇంకొకటి ఉంటుంది, దానికి రివర్సల్ సూది లేదు. సక్సినైల్‌కోలిన్ దాని అసలు పేరు, మేమంతా పిలిచేది స్కోలిన్ అని.

రెండు ఎసిటైల్‌కోలిన్ అణువులను తోకలు కలిపి అతికిస్తే వచ్చేది స్కోలిన్. పీట మీద కూర్చుని ఇది ఊరుకోదు. ఒక్కసారి కండరాన్ని లాగుతుంది. ఒళ్ళంతా అలలా అదురు పాకుతుంది, మేం పక్కన నిలబడి చూస్తాం. తర్వాత పీట వదలదు కనక కండరం రెండో ఆజ్ఞ అందుకోలేక మెత్తబడిపోతుంది. నిమిషంలోపు గొంతు తెరుచుకుంటుంది. ఐదు పది నిమిషాల్లో మందు దిగిపోయి ఊపిరి తిరిగొస్తుంది. హైవే మీద లారీ గుద్ది, కడుపునిండా తిన్న అన్నంతో వచ్చిన మనిషికైనా, బిడ్డ గుండె నెమ్మదిస్తోందని పరుగున తెచ్చిన గర్భిణికైనా, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోకముందే ట్యూబు దింపాలంటే ఈ వేగం కావాలి. మానసిక వైద్యంలో ఇచ్చే కరెంటు చికిత్సకి ముందూ దీన్నే వాడతారు.

చిత్రమేమిటంటే 1906లోనే అమెరికాలో రీడ్ హంట్ ఈ పదార్థాన్ని జంతువులకి ఇచ్చి చూశాడు. ఆయన చూస్తున్నది రక్తపోటు కోసం. ముందే క్యురారే ఇచ్చి ఉంచడంతో కండరాలు అప్పటికే కదలడం లేదు. దీని అసలు గుణం కళ్ళముందే దాక్కుంది. మళ్ళీ 1949లో డానియల్ బోవే దాన్ని పట్టుకోగలిగాడు.

స్టీల్ ప్లాంటు పక్కనే బతుకుతున్నాం కనక ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. పెద్ద కాలిన గాయాలూ, నుజ్జయిన కాళ్ళూ అయిన మనిషికి మొదటి రోజు స్కోలిన్ ఇవ్వొచ్చు. ఒకటి రెండు రోజులు గడిచాక వద్దు. దెబ్బతిన్న కండరం ఒళ్ళంతా కొత్త పీటలు మొలిపించుకుంటుంది. అప్పుడు స్కోలిన్ ఇస్తే కండరాల్లోంచి పొటాషియం ఒక్కసారిగా రక్తంలోకి దూకి గుండె ఆగిపోవచ్చు. వారం తర్వాత చర్మం అతికించడానికి థియేటర్‌కి వచ్చే కార్మికుడికి మేం వేరే మందు తీసుకోవడానికి కారణం ఇదే.

స్కోలిన్‌ని ఐదు నిమిషాల్లో దించేది ఎవరు? మేం కాదు. కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలే బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము. ఎక్కించిన మందులో చాలా భాగాన్ని అది కండరం దాకా చేరకముందే రక్తంలోనే తుంచేస్తుంది. అంటే ఈ మందుకి రివర్సల్ రోగి తన రక్తంలోనే తెచ్చుకుంటాడు. తెచ్చుకోని వాళ్ళుంటే?

స్కోలిన్ వాడకంలోకి వచ్చిన కొత్తల్లోనే, 1950లలో, కొందరు గంటలకొద్దీ లేవకపోవడం డాక్టర్లు చూశారు. ఎంజైములోని తేడా వంశంలో వస్తుందని టొరంటోలో వెర్నర్ కాలో నిరూపించాడు. యూరప్ జనాభాలో ఎంజైము బొత్తిగా లేనివాళ్ళు లక్షకి ఒకరు. అంత అరుదైనదాన్ని ఏ డాక్టరూ జీవితకాలంలో చూడకపోవచ్చు. తెలుగునేల మీద లెక్క వేరు. ఆంధ్రప్రదేశ్ వైశ్యుల్లో ఈ పనిచేయని జన్యువు చాలా ఎక్కువగా ఉందని 1979లోనే రావు, గోపాలం అనే పరిశోధకులు ప్రకటించారు. తర్వాత కోయంబత్తూరులోని వైశ్యుల్లో 226 మందిని పరీక్షిస్తే తొమ్మిదిమందిలో ఎంజైము జాడే లేదు. నూటికి నలుగురు. లక్షకి ఒకరితో పోల్చితే నాలుగు వేల రెట్లు. భారతియార్ విశ్వవిద్యాలయానికి చెందిన బూపతి బృందం అమెరికాలో ఈ ఎంజైము మీద ఎన్నో ఏళ్ళు పనిచేసిన ఆక్సానా లాక్‌రిడ్జ్‌తో కలిసి 2006లో కారణాన్ని అక్షరంతో సహా చూపించింది. 574 అమైనో ఆమ్లాల ఆ గొలుసులో 307వ చోట లూసిన్ ఉండాలి, వీళ్ళలో ప్రోలిన్ వచ్చింది. జన్యువులో మారింది ఒకే ఒక్క అక్షరం. ప్రోలిన్ పడిన చోట గొలుసు వంపు తిరుగుతుంది. ఆ ఎంజైము నిలదొక్కుకోలేక రక్తంలో కనబడకుండా పోతుంది.

ఇది జబ్బు కాదు, ఈ మాట నేను ఎన్నిసార్లైనా చెబుతాను. ఎంజైము సున్నా ఉన్నవాళ్ళని అదే బృందం విడిగా పరీక్షించి, వాళ్ళు అందరిలాగే ఆరోగ్యంగా ఉన్నారని రాసింది. నరాల సందులో పనిచేసే ఎంజైము వేరే జన్యువుది, అది వీళ్ళలో నిక్షేపంగా ఉంటుంది. స్కోలిన్ కనిపెట్టి ఉండకపోతే ఈ లోటు ఉన్నట్టు వాళ్ళకీ తెలిసేది కాదు, మనకీ తెలిసేది కాదు.

ఒక సమాజంలోనే ఎందుకు? హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌లో డేవిడ్ రైక్ కలిసి చేసిన పని దీనికి జవాబు చెబుతుంది. రెండు మూడు వేల ఏళ్ళ కిందట కొద్దిమంది పూర్వీకులనుంచి వైశ్య సమాజం పెరిగిందనీ, అప్పటినుంచి పెళ్ళిళ్ళు లోపల్లోపలే జరిగాయనీ జన్యువుల్లోని పొడుగాటి ఒకేరకం ముక్కలు చూపించాయి. ఆ కొద్దిమందిలో ఒకరి దగ్గరున్న అచ్చుతప్పు ఇవాళ లక్షలమంది దగ్గరుంది. పెనుగొండలో వాసవీ కన్యకాపరమేశ్వరితో 102 గోత్రాలవారు అగ్నిప్రవేశం చేశారన్న గాథ విన్నప్పుడు, ఆ గోత్రాల లెక్కే ఈ జన్యువుల కథ అని అనేయాలనిపిస్తుంది. అలా అనకూడదు. గాథకి గాథ విలువ ఉంది, ప్రయోగశాలకి దాని కొలత ఉంది. ఇది వైశ్యులకి మాత్రమే చెందిన తీరు కూడా కాదు. 2017లో దక్షిణాసియాలో 263 సమూహాలను పరిశీలిస్తే 81 సమూహాల్లో ఇలాంటి ఆనవాలు ఫిన్లాండువాసుల్లోకన్నా, అష్కెనాజీ యూదుల్లోకన్నా బలంగా కనిపించింది. వాటిలో 14 సమూహాల జనాభా పదిలక్షలకి పైనే. ఒక్కొక్కరి దగ్గర ఏ అచ్చుతప్పు ఉందో వెతకాల్సిన పని ఇంకా చాలా మిగిలి ఉంది.

చిన్నాన్నగారి రాత్రి ఎలా గడిచి ఉంటుందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఐదు నిమిషాల్లో దిగాల్సిన మందు గంటల తరబడి పీటల మీదే ఉండిపోయింది. ఇలాంటప్పుడు తొందరపడి నియోస్టిగ్మిన్ ఇవ్వకూడదు. అది కాస్తోకూస్తో మిగిలిన ఎంజైముకీ పగ్గం వేస్తుంది. సుగామాడెక్స్ గిన్నెలో స్కోలిన్ ఇమడదు. ప్లాస్మా ఎక్కిస్తే ఇతరుల ఎంజైము వస్తుంది నిజమే, రక్త ఉత్పత్తులకి ఉండే ప్రమాదాలూ దాంతో వస్తాయి. మేలైన మార్గం ఊరాలియా గాడిద దారే. ట్యూబు ఉంచాలి, మిషన్ నడపాలి, ఆరేడు గంటలైనా సరే కూర్చోవాలి. కిడ్నీలు కొద్దికొద్దిగా మందుని బయటికి పంపుతాయి. ఇంకో మాట, స్కాట్ స్మిత్‌ని మరిచిపోకూడదు. కదల్లేని ఆ మనిషికి నిద్రమందు ఆపకూడదు. ఆపితే కళ్ళు తెరవలేక, ఊపిరి తీయలేక, అన్నీ వింటూ పడుకుని ఉంటాడు. నేను జూనియర్లకి చెప్పేది, చెవి దగ్గరికి వంగి పేరు పెట్టి పిలిచి "మందు దిగడానికి టైము పడుతోందండీ, మేం ఇక్కడే ఉన్నాం" అనమని. ఆయన వింటున్నా సరే, వినకపోయినా సరే.

తెల్లారి ఆయన లేచాక చేయాల్సిన పనే ఎక్కువగా జారిపోతోంది. "మందు ఎక్కువైంది" అని నోటిమాటగా చెబితే పాతికేళ్ళకి ఆ ఇంట్లో మిగిలేది అదే. డిశ్చార్జి కాగితం మీద స్కోలిన్ పేరు రాయాలి, రక్తంలో ఎంజైము పరీక్ష చేయించాలి, అన్నదమ్ముల్నీ పిల్లల్నీ చేయించుకోమనాలి. రెండు జన్యువులూ చెడ్డవి వచ్చినవాళ్ళ తోబుట్టువుల్లో ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఒకటే చెడ్డది ఉన్నవాళ్ళకి ఎంజైము సగం ఉంటుంది, స్కోలిన్ ఇచ్చినా ఎవరూ గమనించనంత తేడాయే. పురుగుమందు కేసులకి చేసే కోలినెస్టరేజ్ పరీక్షే దీనికీ సరిపోతుంది. ఇందులో మెలిక ఒకటుంది. ఆరోగ్యంగా తిరిగే మనిషికి ఆ పరీక్ష సున్నా చూపిస్తే విషం తాగాడని అనుమానించకూడదు.

నేను అందరినీ కుటుంబంలో ఎవరికైనా ఇలా జరిగిందా అనే అడుగుతాను. ఆ ప్రశ్నకి జవాబు తెలియని ఇళ్ళు చాలా. అప్పుడు రెండో ప్రశ్న అడగాల్సి వస్తుంది. అడగడానికి మొహమాటపడి వదిలేసిన రాత్రి ఎవరో ఒకరు బయట బల్ల మీద తెల్లారేదాకా కూర్చుంటారు. అత్యవసరంలో అడిగే వ్యవధే లేకపోతే, రోక్యురోనియం పెద్ద మోతాదులో ఇస్తే దాదాపు స్కోలిన్ అంత వేగంగానే పనిచేస్తుంది.

కిరాణా పెద్దాయనకి మర్నాడు రోక్యురోనియమే ఇచ్చాను. ఆపరేషన్ ముగిశాక బొటనవేలు నాలుగుసార్లూ సమానంగా కదిలాక ట్యూబు తీశాం. పేరు పిలవగానే కళ్ళు తెరిచారు. రక్తం రిపోర్టు రెండు రోజులకి వచ్చింది, ఎంజైము దాదాపు సున్నా. కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసిచ్చాను, స్కోలిన్ వద్దు అని.

కుట్లు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు ఆయన కొట్లో వాడే పొడుగాటి ఖాతా పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. అరువు లెక్కలు రాసే తీరులోనే ఒక పేజీ నిండా వరసపెట్టి రాశారు. చిన్నాన్న, సున్నా. తమ్ముడు, సగం. పెద్దమ్మాయి, సగం. చెల్లెలు, పూర్తి. బెంగళూరులో ఉన్న కొడుకు పేరుకి ఎదురుగా మాత్రం గడి ఖాళీగా ఉంది.

"వాడు ఈ ఆదివారం చేయించుకుంటానన్నాడు డాక్టరమ్మా" అని, పుస్తకం మూసి చంకన పెట్టుకున్నారు.